యాంగ్ గువో లోయలోకి ఎందుకు దిగలేదు?

వూషియా నవలలు చదివేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు తగువులాడుకునే ప్రశ్న ఇది. వూషియా అంటే చైనా కత్తివీరుల కథలు. చెట్ల చిటారు కొమ్మల మీద పరిగెత్తేవాళ్లు, వేలితో నాడి నొక్కి మనిషిని బొమ్మలా నిలబెట్టేసేవాళ్లు, గురువు చావుకి పగ తీర్చుకోడానికి ఇరవై ఏళ్లు సాధన చేసేవాళ్లు ఉండే లోకం. ఆ లోకానికి పెద్ద దిక్కు జిన్ యోంగ్ (1924–2018). హాంకాంగ్‌లో 1955 నుంచి 1972 దాకా వార్తాపత్రికల్లో సీరియళ్లు రాసి, చైనీస్ చదవగలిగిన ప్రతి ఇంట్లోకీ చొరబడ్డవాడు.

ఆయన రాసిన 'రిటర్న్ ఆఫ్ ద కాండర్ హీరోస్'లో హీరో యాంగ్ గువో. ఒక చెయ్యి తెగిపోయినవాడు. అతని భార్య షియావోలొంగ్‌న్యూ. ఒకప్పుడు అతనికి గురువు కూడా ఆమే, దాని మీద లోకం చేసిన రభస వేరే కథ. ఇద్దరి ఒంట్లోనూ విషం ఉంది. అతనికి విరుగుడు దొరికింది, ఆమెకి లేదు. నువ్వు లేకపోతే నాకెందుకని అతను ఆ విరుగుడుని తీసి లోయలోకి విసిరేస్తాడు. అతను బతకాలంటే తను కనబడకుండా పోవాలని ఆమె నిర్ణయించుకుంటుంది. తెల్లారి చూస్తే మనిషి లేదు. కొండ అంచున రాతి మీద చెక్కిన మాటలు మాత్రం ఉన్నాయి. పదహారేళ్ల తర్వాత ఇక్కడే కలుద్దాం, మాట తప్పొద్దు అని.

అక్కడున్న హువాంగ్ రోంగ్ (ఈ నవలల్లో అందరికన్నా తెలివైన మనిషి) చటుక్కున ఒక అబద్ధం అల్లుతుంది. దక్షిణ సముద్రంలో ఒక మహా సన్యాసిని ఉంది, పదహారేళ్లకోసారి ఇటు వస్తుంది, నీ భార్యని వైద్యం కోసం ఆమే తీసుకెళ్లి ఉంటుంది అంటుంది. యాంగ్ గువో నమ్ముతాడు. వేరే విరుగుడు తింటాడు. పదహారేళ్లు ఎదురు చూస్తాడు. గడువు రోజున ఆమె రాదు. లోయలోకి దూకేస్తాడు. చూస్తే ఆమె అక్కడే ఉంది! కింద లోతైన మడుగు ఉంది కాబట్టి దూకినా చావలేదు. చేపలూ తేనే తిని పదహారేళ్లు బతికింది.

మరి పదహారేళ్లలో ఒక్కసారైనా ఆ లోయలోకి దిగి చూడాలనిపించలేదా వీడికి? సముద్రపు అలలకి ఎదురు నిలబడి కత్తి సాధన చేశాడు. దేశమంతా తిరిగి అన్యాయాలు సరిదిద్దాడు. హువాంగ్ రోంగ్ చిన్న కూతురి పుట్టినరోజుకి ఆకాశంలో బాణాసంచా అక్షరాలు కాల్పించేంత తీరిక కూడా దొరికింది. తాళ్లు లేవా ఆ దేశంలో?

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఊరు కరీంనగర్. రోజులో సగం టైము ఇంకొకరు రాసిన కోడ్ చదివి, ఇది ఇలా ఎందుకుంది, ఈ కేసు వస్తే ఏమవుతుంది అని అడగడమే నా పని. పన్నెండేళ్లుగా అదే చేస్తే అది తలకెక్కుతుంది. సినిమా చూస్తున్నా నవల చదువుతున్నా చెయ్యి కామెంట్ పెట్టడానికి లాగుతుంది. జిన్ యోంగ్ లాంటి వాళ్లు నాలాంటి వాళ్ల కోసమే పుట్టారు. ఆయన కథల్లో బగ్గులకి కొదవ లేదు.

ఉదాహరణకి కత్తి కథ చూడండి. 'హెవెన్ స్వర్డ్ అండ్ డ్రాగన్ సేబర్'లో రెండు ఆయుధాలు, ఒక కత్తి, ఒక ఖడ్గం. వాటికోసం వందలమంది చస్తారు. అసలు రహస్యమేంటంటే ఆ రెంటి లోపలా యుద్ధశాస్త్ర గ్రంథాలు దాచారు. బయటికి తీయాలంటే ఒకదాన్ని ఇంకోదానితో కొట్టి రెండూ విరగ్గొట్టాలి. సరే, డేటా చదవాలంటే డిస్కు పగలగొట్టాలన్నమాట, అంతవరకు ఒప్పుకుందాం. కానీ కాగిపోయే ఇనుము పోతపోసేటప్పుడు లోపలున్న గ్రంథం కాలిపోలేదా? ఈ ప్రశ్న పాఠకులు అడుగుతూనే ఉన్నట్టున్నారు. చివరి సవరణలో ఆయన దాన్ని మార్చేశాడు. లోపల ఉన్నది గ్రంథం కాదు, ఇనుప రేకులు, వాటి మీద గ్రంథం దాచిన దీవికి దారి గీసి ఉంటుంది. చక్కటి ఫిక్స్. పాత కోడ్‌ని కదిలించకుండా ఒక పాయింటర్ పెట్టేశాడు.

హువాంగ్ రోంగ్ వయసు లెక్క కూడా ఇలాంటిదే. ఆమె తల్లి చనిపోయిన సంగతీ, దొంగిలించబడ్డ గ్రంథం సంగతీ, ఆ దొంగలు మంగోలియాలో తేలిన సంగతీ వరసలో పెట్టి కూడితే, హీరో కన్నా చిన్నదిగా కనిపించాల్సిన అమ్మాయి లెక్కలో పెద్దదైపోతుంది. అభిమానులు దీని మీద పట్టికలు వేశారు. నేనూ ఒక ఆదివారం మధ్యాహ్నం ఎక్సెల్ తెరిచాను, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇవన్నీ ఎందుకొస్తాయో ఊహించడం కష్టం కాదు. జిన్ యోంగ్ 1959 మే 20న 'మింగ్ పావో' అనే పేపరు పెట్టాడు. మనం చెప్పుకుంటున్న యాంగ్ గువో కథ మొదలైంది ఆ తొలి సంచికలోనే. పేపరు బతకాలంటే సీరియల్ బతకాలి. రేపటి భాగం ఇవాళే రాయాలి. నెలన్నర కింద అచ్చయిన మాటని వెనక్కి తీసుకోడానికి లేదు. మనం 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం గారి 'పాతాళదుర్గం', 'రాతిరథం' నెలనెలా ఎదురుచూసి చదువుకున్న ఇళ్లవాళ్లం కదా (నా తరానికి అవి అన్నల పెట్టెల్లోంచి, పాత పుస్తకాల బండి మీద నుంచి వచ్చాయి). పోయిన నెల చచ్చాడనుకున్న రాక్షసుడు ఈ నెల గుహలోంచి లేచొస్తే మనమేమీ లెక్క అడగలేదు. కరీంనగర్ బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల్లో మధుబాబు షాడోకి ఎన్ని తూటాలు తగిలినా ఎవరూ అడగలేదు. నెల మారింది, మనకి మర్చిపోయే హక్కుంది. నవలగా కలిపి కుట్టాకే అతుకులు కనిపిస్తాయి.

ఈ అతుకుల చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అ-జీ కళ్ల కథ. 'డెమీ గాడ్స్ అండ్ సెమీ డెవిల్స్' నడుస్తుండగా జిన్ యోంగ్ యూరప్ వెళ్లాల్సి వచ్చింది. సీరియల్ ఆగకూడదని స్నేహితుడు నీ కువాంగ్‌కి అప్పజెప్పాడు. ఆయనకి అ-జీ అనే పాత్రంటే ఒళ్లు మంట. మనిషి లేని టైము చూసి ఆ పిల్ల కళ్లు పోగొట్టేశాడు. తిరిగొచ్చిన రచయితకి గుడ్డి అ-జీ చేతికొచ్చింది. శుక్రవారం సాయంత్రం మీరు సెలవు మీద పోతే మీ మాడ్యూల్లో ఎవడో చెయ్యి పెట్టినట్టే. జిన్ యోంగ్ తిట్టుకుంటూ కూర్చోలేదు. ఆ గుడ్డితనం మీదే నవల్లోకెల్లా భయంకరమైన ప్రేమని కట్టాడు. ఆమె కోసం పిచ్చెక్కిన ఒక అభాగ్యుడు తన కళ్లు తీసి ఇస్తాడు. తర్వాతి ముద్రణలో స్నేహితుడు రాసిన పేజీలు తీసేశాడు గాని, గుడ్డితనం ఉంచేశాడు.

ఇదంతా బగ్గుల వైపు. ఇంకోవైపు ఉంది, అదే అసలు తలనొప్పి. అక్కడ లెక్క తప్పలేదు, మనిషే తిక్కగా ప్రవర్తిస్తాడు. చియు చూజి అనే సాధువు ఏడుగురు యోధులతో పందెం కాస్తాడు. చెదిరిపోయిన రెండు కుటుంబాల బిడ్డల్ని వెతికి, చెరో బిడ్డకీ విద్య నేర్పి, పద్దెనిమిదేళ్ల తర్వాత తలపడించాలని. అవతలివాళ్లు ఆ పందెం కోసం మంగోలియా ఎడారిలో జీవితాలు అరగదీసుకుంటారు, ఒకరు ప్రాణమే పోగొట్టుకుంటారు. ఈ సాధువు తన వంతు పిల్లాడిని శత్రురాజు ఇంట్లో కనిపెడతాడు, కత్తి తిప్పడం నేర్పుతాడు, నీ అసలు తండ్రి వీడు కాదురా అని మాత్రం చెప్పడు. చెప్పుంటే సగం నవల లేదు. అడిగితే పరువు, మాట, సమయం రావాలి అంటారు. భీష్ముడిని చూసినవాళ్లం, మనకి ఇది కొత్త కాదు. ఎవరి కోసం ప్రతిజ్ఞ చేశాడో ఆ సత్యవతే వచ్చి, వదిలెయ్యి నాయనా అని బతిమాలినా వదలడు. కురుక్షేత్రానికి సగం కారణం అది. మనవాళ్లెవరూ దాన్ని ప్లాట్ హోల్ అనలేదు. సీరియల్ అనే ఫాక్టరీ తప్పుకీ మనిషి తప్పుకీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది నా గోల. యాంగ్ గువో సరిగ్గా ఆ గీత మీద నిలబడ్డాడు.

2020 మార్చి చివర్లో ఆఫీసు మూసేశారు, నేను ల్యాప్‌టాప్ పట్టుకుని కరీంనగర్ వచ్చేశాను. అంతకుముందే మా పెద్దమ్మ జగిత్యాల దగ్గర పల్లె నుంచి కంటి ఆపరేషన్‌కని వచ్చి మా ఇంట్లో ఇరుక్కుపోయింది. నేను రాత్రిళ్లు ఈ నవల మీద 2006లో తీసిన చైనా సీరియల్ ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లతో చూస్తుంటే, ఆపరేషన్ నల్లద్దాలు పెట్టుకుని వచ్చి పక్కన కూర్చునేది. కథ ఏందిరా అని అడిగేది. నేను చెప్పేవాణ్ణి. ఆమె పేర్లు పెట్టేసుకుంది. యాంగ్ గువో ఒంటిచెయ్యోడు. షియావోలొంగ్‌న్యూ తెల్లబట్టల పిల్ల. హువాంగ్ రోంగ్ తెలివిగల్లామె.

కొండ అంచు సీను వచ్చిన రాత్రి నేను నా పాత ప్రశ్న ఎత్తాను. పదారేండ్లు ఏం జేసిండు పెద్దమ్మా, తాడు కట్టుకుని దిగి సూడొచ్చు గదా అన్నాను.

"దిగితె ఏం దొర్కుతది బిడ్డా? బొక్కలు దొర్కుతయి. బొక్కలు దొరికినంక ఇగ పదారేండ్లు యాడుంటయి?"

కాసేపాగి మళ్లీ అంది. "గా తెలివిగల్లామె అబద్ధమాడిందని సుత వానికి ఎర్కే ఉంటది. ఎర్కున్నా అడగడు."

నేను పాజ్ చేశాను. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో మా ఇంట్లో అందరికీ తెలుసు.

పెద్దబాపు 1996లో గల్ఫ్ పోయాడు. మా వైపు ఊళ్లలో ఇంటికొకరు పోయిన కాలం. అప్పు చేసి, బొంబాయి ఏజెంటుకి డబ్బు కట్టి, ఆజాద్ వీసా మీద. మొదట ఒక కంపెనీలో, తర్వాత అక్కడ జీతాలివ్వట్లేదని బయటపడి ఖల్లివెల్లి అయ్యాడు, అంటే కాగితాల్లేకుండా దొరికిన పని చేసుకునేవాడు. ఊళ్లో ఎస్టీడీ బూతుకి నెలకోసారి ఫోనొచ్చేది, ముందే కబురందేది, పెద్దమ్మ ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని వెళ్లి బెంచీ మీద కూర్చునేది. వచ్చే దసరాకి వస్తా అనేవాడు. చివరి ఫోను 2001లో. ఆ తర్వాత ఏమీ లేదు. డబ్బు లేదు, ఉత్తరం లేదు, శవమూ లేదు. 2007లో అక్కడి ప్రభుత్వం కాగితాల్లేనివాళ్లకి ఆమ్నెస్టీ ఇస్తే మా వైపు జనం గుంపులు గుంపులుగా తిరిగొచ్చారు. ఆ నెలల్లో పెద్దమ్మ మెట్‌పల్లి, కోరుట్ల దాకా వెళ్లి, వచ్చినవాళ్ల ఇళ్లకి పోయి అడిగొచ్చేది. ఒకాయన మస్కట్‌లో చూసినట్టున్నా అన్నాడట. ఆ 'ఉన్నట్టున్నా' మీద ఇన్నేళ్లు గడిపింది.

ఆమె కొడుకు, నాకు అన్న, సిరిసిల్లలో మరమగ్గం పని చేస్తాడు. అతనికి వేరే లెక్కలున్నాయి. భూమి రెండెకరాలు, పట్టా పెద్దబాపు పేరు మీద. 2018లో రైతుబంధు మొదలై ఊరంతా ఎకరానికి నాలుగు వేల చెక్కులు తీసుకుంటుంటే వీళ్ల చెక్కు మాత్రం తీసుకునే మనిషి లేక మిగిలిపోయింది. విరాసత్ చేయించుకోవాలంటే మనిషి పోయాడని కాగితం కావాలి. వకీలు చెప్పాడు, అప్పటి సాక్ష్య చట్టంలో 108వ సెక్షన్ ఉంది, ఏడేళ్లు మనిషి గురించి తెలియాల్సినవాళ్లెవరికీ ఏమీ తెలియకపోతే, బతికే ఉన్నాడనేవాడే దాన్ని రుజువు చేసుకోవాలి, కోర్టుకి పోయి డిక్లరేషన్ తెచ్చుకుందాం అని. ఏడేళ్లేంటి, పద్దెనిమిదేళ్లు దాటాయి. పెద్దమ్మకి పింఛను కూడా వస్తుంది, నెలకి రెండు వేల పదహారు రూపాయలు. అన్న కాగితాలన్నీ సిద్ధం చేసి పెట్టాడు. సంతకం ఒక్కటే కావాలి. ఆమె పెట్టదు. కోపగించుకోదు, ఏడవదు, కారణం చెప్పదు. "సూద్దాం తీ" అంటుంది. మెట్టెలు తియ్యలేదు, బొట్టు తియ్యలేదు.

ఏళ్ల తరబడి అన్నతో కూర్చుని నేనూ ఆమెను అర్థం చేసుకోడానికి ప్రయత్నించాను. రెండు వేల పదహారు ఇంటూ పన్నెండు అని లెక్క కట్టి చూపించాను. ఆ రాత్రి దాకా ఆమె తన కారణం ఎవరికీ చెప్పలేదు. చైనావాడి కథ మీద పెట్టి చెప్పింది.

ఆ తర్వాత నవల ఆ భాగాలు మళ్లీ చదివాను, అభిమానులు చేసిన అనువాదంలో. పెద్దమ్మ వాదానికి పుస్తకంలో ఆధారాలున్నాయి. గడువు దగ్గర పడ్డాక యాంగ్ గువో హువాంగ్ రోంగ్ తండ్రిని కలుస్తాడు. అబద్ధంలో ఆ తండ్రి పేరు కూడా వాడుకుంది కాబట్టి, ఆ సన్యాసిని ఎలా ఉంటుందని అడుగుతాడు. అలాంటి మనిషి పేరే ఎప్పుడూ వినలేదంటాడు ఆయన. అంటే అప్పటికి తెలిసిపోయింది. అయినా యాంగ్ గువో ఏం చేస్తాడు? ఆ కొండ దగ్గరికి గడువుకన్నా కొన్ని రోజులు ముందే వచ్చేస్తాడు. లోయ ఎదురుగానే ఉంది. ఆ రోజుల్లో కూడా దిగడు. గడువు రోజున పొద్దు గూకేదాకా ఆగి, అప్పుడు దూకుతాడు. చూడాలనుకునేవాడు తాడు కట్టుకుని దిగుతాడు. ఇతను చూడటానికి దిగలేదు, చావడానికి దూకాడు. ఆ రెండూ వేరు. జిన్ యోంగ్ నవల చివరి మాటలో, ఈ ఎడబాటూ కలయికా విధి చేసినట్టు కనిపించినా అసలు కారణం ఆ ఇద్దరి స్వభావాలేనని వాదిస్తాడు. అంత ప్రేమ లేకపోతే దూకేవాళ్లు కాదు అంటాడు. నిజమే. కానీ నాకు దూకడం కన్నా దిగకపోవడంలోనే అతని స్వభావం ఎక్కువ కనిపిస్తుంది.

దీనితో ప్రశ్న మొత్తం తీరిపోయిందని నేననను. యాంగ్ గువో సంగతి సరే, హువాంగ్ రోంగ్ సంగతేంటి? ఆమెకి ఆశ లేదు, తనే అల్లింది కాబట్టి. కింద శవముందని ఆమె లెక్క. మరి ఆమె ఎవరినైనా పంపి ఆ శవానికి మట్టి చేయించొచ్చు కదా? దానికి నవల్లో జవాబు లేదు, అక్కడ నేను బగ్ అనే రాసుకున్నాను. ఆమె అబద్ధం మీద కూడా నాకు పేచీ ఉంది. చావబోయేవాడిని ఆపడానికి ఆ రోజుకి అది మంచి మందే. కానీ పదహారేళ్ల గడువున్న మందు ఇచ్చినవాళ్లు, గడువు తీరే రోజుకి ఏం చేయాలో ఆలోచించాలి. మస్కట్‌లో చూసినట్టున్నా అన్న ఆయన మీద మా అన్నకి ఇప్పటికీ ఇదే కోపం. పెద్దమ్మకి లేదు.

2024 ఫిబ్రవరిలో సిరిసిల్ల జిల్లావాళ్లు దుబాయి జైల్లో పద్దెనిమిదేళ్లు ఉండి తిరిగొచ్చారు. విమానాశ్రయంలో ఇంటివాళ్లని పట్టుకుని ఏడుస్తున్న ఫోటోలు పేపర్లన్నిట్లో పడ్డాయి. నవల్లో రాస్తే నేనే కామెంట్ పెట్టేవాణ్ణి, ఇంత కాలం తర్వాత ఎలా నమ్మమంటారు అని. ఆ వారం అన్న కాగితాల సంగతి ఎత్తలేదు.

లాక్‌డౌన్ రాత్రుల్లోకి వస్తే, మేం ఆ సీరియల్ చివరిదాకా చూశాం. లోయ అడుగున ఇద్దరూ కలిశారు. పెద్దమ్మ సంతోషిస్తుందనుకున్నాను. ఆమె మొహం చిట్లించింది.

"గా పిల్ల ఎందుకు ఎక్కి రాలే?"

కొండ నిట్టనిలువుగా ఉంటుంది, ఎక్కడానికి దారి లేదని చెప్పాను.

"మరి కబురన్న పంపొద్దా?"

పంపింది అన్నాను. తేనెటీగల రెక్కల మీద సన్నగా అక్షరాలు పొడిచి వదిలింది, నేను లోయ అడుగున ఉన్నానని. ఆ ఈగలు ఎగిరిపోయి తేనెటీగలు పెంచుకునే ఒక ముసలాయన కంటబడ్డాయి. తెలివిగల్లామె ఆ అక్షరాలు చదివింది.

"ఎన్ని పంపింది?"

చాలానే పంపి ఉంటుంది, ఇన్నేళ్లలో.

"గన్ని పంపితె ఒక్కటి సుత మొగని కాడికి పోలేదా? గా ముసలోని కాడికే పోయినయా?"

ఇది నేను ఎన్నడూ అడగని ప్రశ్న. ఏ ముద్రణలోనూ సవరించిన గుర్తు లేదు.

"మంచిగ లేదు గీ కథ," అంది పెద్దమ్మ. "ఇంకోటి పెట్టు."